గొంతులో ముల్లు ఉంటే ముద్ద మింగకండి

గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. ఇక సెప్టెంబరు దాకా యానాం నుంచి ధవళేశ్వరం వరకూ పులస చేప మాటే. ఈ నెలలోనే మా పక్క ఊళ్లో ఒకాయనకు చేపముల్లు అన్నవాహికను చీల్చి, ఛాతీలో చీము పట్టింది. ముల్లు గుచ్చుకున్న రాత్రి ఆయన చేసింది మన ఇళ్లలో అందరూ చేసేదే. పెరుగన్నం పెద్ద ముద్ద కట్టి నమలకుండా మింగారు. తగ్గకపోతే అరటిపండు, ఆపైన మరో ముద్ద.

పిల్లలకు ముళ్లు ఏరి పెట్టమని మీకు వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఈ ముద్ద గురించే. ముల్లు చాలాసార్లు టాన్సిల్ దగ్గరో, నాలుక మొదట్లోనో దిగుతుంది. అక్కడ ఉన్నంతసేపూ చెవి, ముక్కు, గొంతు డాక్టరు లైటు వేసి చూసి పట్టకారుతో లాగేయగలరు. ముద్ద దాన్ని ఇంకా లోతుకు దించుతుంది, లేదా అన్నవాహికలోకి నెట్టి అడ్డంగా గుచ్చుతుంది. ఆ గోడ పల్చన, దాని పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. పైగా కడుపు నిండా అన్నం ఉంటే మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేయడమూ ప్రమాదమే. కొందరికి ముద్దతో పోతుంది, నిజమే. ఊళ్లో తిరిగేది వాళ్ల మాట మాత్రమే.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదని ఊరుకోకండి. చేపముల్లు అందులో తరచూ కనిపించదు, నొప్పి ఉంటే సీటీ స్కాన్ అడగండి.

లంకల్లో ఉన్నవారు తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. వరద పెరిగితే ఏరు దాటించే పంటు ఆపేస్తారు.

ముద్ద వద్దు. అరటిపండు వద్దు. నిమ్మరసం, వెనిగర్ తాగితే ముల్లు కరగదు. వేలు పెట్టి కెలకకండి, వాంతి చేయించకండి. కరెంటు పోయిన చీకట్లో పులస తినకండి. కట్టుడు పళ్లున్న పెద్దవారికి ముల్లు నోట్లో సరిగా తెలియదు, వాళ్లకు మీరే ఏరి పెట్టండి. ఉమ్ము మింగలేకపోయినా, రక్తం పడినా, మెడ ఉబ్బినా, ఛాతీలో నొప్పి, జ్వరం వచ్చినా అర్ధరాత్రైనా 108కి ఫోను చేయండి. ముద్ద అప్పటికే మింగేసి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. ఎన్ని మింగారో, ఎప్పుడు మింగారో చెప్పండి.