పదేళ్లు నడిచే గేమింగ్ పీసీకి ముందు ఏం చూడాలి

బడ్జెట్ అంతా గ్రాఫిక్స్ కార్డు మీద పోసేసి, మిగిలిన చిల్లరతో పవర్ సప్లై కొనకండి. కార్డు ఎలాగూ నాలుగైదేళ్లకు మారుస్తాం, కానీ 10 ఏళ్ల వారంటీ ఉన్న మంచి 1000 వాట్ల సప్లై తర్వాతి కార్డుకీ పనికొస్తుంది. డబ్బా మీద 80 ప్లస్ గోల్డ్ అని ఉంటే సరిపోదు, అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి కెపాసిటర్లు ఎన్నాళ్లు ఉంటాయో చెప్పదు, కాబట్టి ఆ మోడల్ రివ్యూలు చదవాల్సిందే. మదర్‌బోర్డు ఏఎమ్5 సాకెట్‌ది (ఏఎమ్‌డీ ప్రాసెసర్లు కూర్చునే చోటు) తీసుకోండి, బోర్డు మార్చకుండానే తర్వాత కొత్త ప్రాసెసర్ పెట్టుకునే వీలుంటుంది. ఉదాహరణకు పాత ఏఎమ్4 సాకెట్‌నే చూడండి, 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా పనిచేస్తుంది! కేబినెట్ ముందు గాజు వద్దు, గాలి ఆడేలా జాలీ ఉండాలి. బిగించేటప్పుడు కార్డు పవర్ కనెక్టర్‌ని పూర్తిగా లోపలికి నొక్కండి, కొంచెం సందున్నా వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.