ఇటెన్‌లో పరుగు, తిరుగుడు

దూరపు పరుగు పందేలవాళ్లు శిక్షణకి వెళ్లే ఊరు, కెన్యాలోని ఇటెన్, సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకుని ఆ టీకా ధ్రువపత్రం, అంటే పసుపు కార్డు, దగ్గర పెట్టుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కి పంపొచ్చు.

నైరోబీ నుంచి ఎల్డొరెట్‌కి విమానం, అక్కణ్నుంచి మటాటు అనే షేరింగ్ వ్యాన్. ఎల్డొరెట్ ఊరి నుంచి ఇటెన్‌కి సుమారు 35 కిలోమీటర్లు.

మొదటి నాలుగైదు రోజులు వాచీలో పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) చూడకండి. గాలిలో ఆక్సిజన్ పలుచన కాబట్టి ఇంటి దగ్గర తేలికనిపించిన వేగానికే ఇక్కడ ఆయాసం వస్తుంది. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే చాలు. తలనొప్పి, వాంతులు వస్తే ఆ రోజుకి పరుగు మానేయండి. తగ్గకపోతే కిందికి దిగిపోవాలి.

గురువారం ఫార్ట్‌లెక్‌కి, అంటే కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తే శిక్షణకి, పెద్ద గుంపు వస్తుంది. వెనక వరసలో నిలబడండి, మొదటి నిమిషంలోనే మిమ్మల్ని వదిలేసి పోతారు, అదేం నామోషీ కాదు. వాన పడితే ఎర్రమట్టి బూటు అడుగున అట్టలు కట్టి జారుతుంది. అడుగున గాడులు లోతుగా ఉన్న ట్రైల్ బూట్లు (మట్టిదారుల్లో పరిగెత్తేవి) తీసుకెళ్లండి.

పరుగు లేని రోజు కెరియో లోయ అంచుకి నడవండి. అక్కణ్నుంచి లోయలోకి దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, కానీ లోయ అడుగు వెయ్యి మీటర్లకు పైగా కింద. దిగుడుకే తొడలు పట్టేసి రెండ్రోజుల శిక్షణ పోతుంది. కాబట్టి గంట దిగి వెనక్కి తిరగండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లుండాలి. కింద వేడి, దోమలు కూడా ఎక్కువ. మలేరియా మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి.