ఉల్లికి నీరు ఎప్పుడు ఆపాలి

పెరటి మడిలోనైనా, మేడ మీది కుండీలోనైనా ఉల్లి వేసేవారు నారు నాటడంలో చూపినంత శ్రద్ధ నీరు ఆపడంలో చూపరు. గడ్డ నిలవ ఉంటుందా, కుళ్లిపోతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. ఆరేడు వారాల నారును వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల ఎడంతో, లోతుగా పాతకుండా నాటాలి. ఉల్లి వేళ్లు పైపైనే ఉంటాయి కనుక గడ్డ ఊరే దశలో తడి ఆరిపోనివ్వకూడదు, అలాగని నీరు నిలవనివ్వకూడదు. ఊరుతున్న గడ్డ పైభాగం మట్టి మీదికి కనిపించడం సహజమే కాబట్టి, కంగారుపడి మట్టి ఎగదోయనక్కరలేదు. ఆ దశలో యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది గానీ, మెడ (గడ్డ నుంచి ఆకులు మొదలయ్యే చోటు) లావెక్కి గడ్డ సరిగా ఆరదు. ఆకులపై వెండిరంగు చారలు కనిపిస్తే అవి తామర పురుగులు గీకిన గుర్తులు; లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బునీటితో కలిపి, ఆకుల మొదళ్లలోకి దిగేలా సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. సగం మొక్కల ఆకులు మెడ దగ్గర వాటంతటవే వాలాక (కొందరు కాలితో తొక్కి వాల్చేస్తారు, అది తొందరపాటే) నీరు పూర్తిగా మానేసి, నేల ఆరిన తరువాత పీకి, గాలి ఆడే నీడలో ఆకులతో సహా ఆరబెట్టి, మెడ బాగా ఎండాకే గడ్డకు రెండు సెంటీమీటర్ల పైన కాడ కోయాలి.