టచ్‌స్క్రీన్‌పై కీబోర్డు బటన్

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల మేత దుకాణాల్లో పొడి చేరి కీబోర్డు మీటలు బిగుసుకుపోతుంటాయి కనుక, టచ్‌స్క్రీన్ కంప్యూటరుపై బిల్లులు వేసేవారు తెరమీది కీబోర్డును పిలిచే బటన్‌ను టాస్క్‌బార్‌లో, అంటే తెర అడుగున ఉండే పట్టీలో, శాశ్వతంగా ఉంచుకోవడం మేలు. విండోస్ 11లో టాస్క్‌బార్ ఖాళీ భాగాన్ని వేలితో కాసేపు నొక్కి పట్టి, టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ ట్రే ఐకాన్స్ కింద టచ్ కీబోర్డ్ ఎదుట ‘ఆల్వేస్’ ఎంచుకోవాలి. విండోస్ 10లో అయితే నొక్కి పట్టగానే వచ్చే జాబితాలోనే ‘షో టచ్ కీబోర్డ్ బటన్’ కనిపిస్తుంది. ఆపైన గడియారం దగ్గర చేరిన గుర్తును తాకితే చాలు. భాషల సెట్టింగ్స్‌లో తెలుగును కూడా చేర్చుకుంటే రైతు పేరు, ఊరి పేరు తెలుగులోనే కొట్టవచ్చు. నా దృష్టిలో అసలు లాభం ఇదే. తడిచేతితో మాత్రం తెరను తాకకూడదు, ఎందుకంటే నీటిచుక్కను కూడా అది వేలిగానే తీసుకొని తప్పు అక్షరాలు వేయవచ్చు.