సినిమా డిస్కులను హార్డ్ డిస్కులోకి ఎక్కించుకునేవారికి

సొంతంగా కొనుక్కున్న సినిమా డిస్కులను డిజిటల్ రూపంలో భద్రపరచుకోవాలనుకునేవారు మొదటే ఫైలు పరిమాణం తగ్గించే ప్రయత్నం చేయకుండా, డిస్కులోని దృశ్యాన్ని, శబ్దాన్ని, సబ్‌టైటిళ్లను మేక్‌ఎంకేవీ వంటి ప్రోగ్రామ్‌తో ఉన్నవి ఉన్నట్టుగా ఒకే ఎంకేవీ ఫైలులోకి తీసుకోవడం మంచిది. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ, రెండు పొరల బ్లూ-రేలో 50 జీబీ వరకు పడుతుంది కాబట్టి, కావలసిన స్థలాన్ని ముందే లెక్కవేసుకోవచ్చు. స్థలం చాలకపోతే ఆ ఫైలును తరువాత హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలోకి కుదించవచ్చు గానీ, కుదింపులో ఒకసారి పోయిన వివరం మళ్లీ తిరిగి రాదు. అందుకే మనసుకు దగ్గరైన సినిమాలను నేను అసలు కుదించను. డీవీడీల విషయంలో, కదిలే వస్తువుల అంచుల వద్ద దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే, కుదించేటప్పుడు ఆ గీతలను తొలగించే డీఇంటర్‌లేస్ ఎంపికను తప్పక వాడాలి.

డిస్కు చదవడంలో మొరాయిస్తే, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచువైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. కాపీ రక్షణను ఛేదించడం, డిస్కు మన సొంతమైనా సరే, కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం కనుక ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో సినిమాలు వచ్చి ఉంటాయి కాబట్టి, ఫైలు పేరులో విడుదల సంవత్సరాన్ని కూడా చేరిస్తే మన సినిమా ఫైళ్లను వరుసగా పేర్చి చూపించే జెల్లీఫిన్, ప్లెక్స్ వంటి ప్రోగ్రామ్‌లు సరైన సినిమాను గుర్తుపడతాయి. ఇంత శ్రమపడి చేర్చిన ఫైళ్లకు మరో హార్డ్ డిస్కులో రెండో ప్రతి ఉండేవరకు అసలు డిస్కులను దయచేసి ఎవరికీ ఇచ్చివేయకండి.