సొంతంగా కట్టుకున్న చిన్న విమానానికి అనుమతులు: గోదావరి డెల్టా వారికి దరఖాస్తు విధానం

సొంత షెడ్డులో విమానం కట్టుకోవడానికి మన చట్టం అడ్డు చెప్పదు. రిజిస్ట్రేషన్ లేకుండా, ఎగరడానికి తగినదన్న పత్రం లేకుండా దాన్ని గాలిలోకి లేపడాన్ని మాత్రం ఒప్పుకోదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది. అనుమతులిచ్చే సంస్థ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. దరఖాస్తులు ఆ సంస్థ వెబ్‌సైటైన ఈజీసీఏ పోర్టల్ ద్వారా వెళ్తాయి.

చాలామంది ముందు విమానం కట్టి, తర్వాత అనుమతుల కోసం తిరుగుతారు. ఆ వరుసను తిరగేయాలి. రెక్క మీద రేకు మూసేశాక లోపలి దూలం ఎలా బిగించారో ఏ అధికారీ చూడలేడు. చూడాలంటే రివెట్లన్నీ ఊడదీయాలి. అందుకే మొదటి రివెట్టు కొట్టకముందే డీజీసీఏకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇది జరగని పని కాదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో దాన్ని మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో ఉంచారు. 2017 నవంబరులో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరేందుకు పర్మిట్ వచ్చాయి. వృత్తిరీత్యా పైలట్ అయిన మనిషికే అన్నేళ్ళు పట్టింది. మీరూ ఆ ఓపికతోనే దిగండి.

మొదటి లేఖలో ఏముండాలి

మీది ఏ తరగతి విమానమో ముందు తేల్చుకోండి. రెండు సీట్లకు మించకుండా, మొత్తం బరువు 450 కిలోల లోపు ఉండేవి మైక్రోలైట్ కిందికి వస్తాయి. అంతకన్నా పెద్దదైతే పరీక్షలూ పత్రాలూ పెరుగుతాయి. తొలిసారి కట్టేవారికి నా సలహా ఒక్కటే: ఇప్పటికే పదుల సంఖ్యలో ఎగిరిన డిజైన్‌ను ఎంచుకోండి. కొత్త డిజైన్, కొత్త బిల్డర్, కొత్త ఇంజిన్ మూడూ ఒకే విమానంలో కలవకూడదు.

లేఖకు విమానం మూడు వైపుల బొమ్మ, డిజైన్ లేదా కిట్ తయారీదారు వివరాలు, ఇంజిన్, ప్రొపెల్లర్ రకం, అంచనా బరువు, షెడ్డు చిరునామా జతచేయండి. ఏ పని ఏ దశకు వచ్చినప్పుడు తనిఖీకి పిలుస్తారో కూడా రాయండి. కిట్టు కొన్నా అందులో మీ చేతి పని ఎంతో స్పష్టంగా ఉండాలి. అమెరికాలో సొంత తయారీ అనిపించుకోవాలంటే సగానికి పైగా, అంటే కనీసం 51 శాతం పని కట్టుకున్నవారే చేసి ఉండాలి. మీ పనిని మీరే కొలుచుకోవడానికి అది మంచి గీటురాయి.

లాగ్ పుస్తకమే అసలు దరఖాస్తు

మిగతా ఫారాలన్నీ ఒక పూటలో నింపవచ్చు. తయారీ లాగ్‌ను మాత్రం రోజూ రాయాలి. తేదీ, చేసిన పని, వాడిన రేకు లేదా కలప రకం, దాని బ్యాచ్ నంబరు, బోల్టు నంబరు, ఎంత బిగువుతో తిప్పారు, ఎవరు చూశారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. 'ఎడమ రెక్క దూలం పూర్తయింది' అని రాస్తే చాలదు. 'ఎడమ రెక్క దూలం, మూడో పక్కటెముక దగ్గర నాలుగు బోల్టులు మార్చాను, రంధ్రం అంచు గరుకుగా ఉన్నందున' అని రాయాలి. చెడిన భాగాన్ని పారేసిన సంగతి రాసిన లాగ్‌నే తనిఖీ అధికారి ఎక్కువ నమ్ముతారు.

డెల్టా వాతావరణం విమానానికి పగ. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల తేమ ఏడాది పొడవునా తగ్గదు. అల్యూమినియం రేకులు ఒకదానిపై ఒకటి పడే చోట, మూసేలోపు ప్రైమర్ పూయకపోతే లోపల తుప్పు మొదలవుతుంది, పైకి కనబడదు. కలప రెక్కయితే జిగురు కలిపే పూట షెడ్డులో తేమ శాతం చూసి లాగ్‌లో రాయండి. తాళ్ళరేవు, కోరంగి వైపు తరతరాలుగా ఓడలు కట్టిన వడ్రంగుల చేతిపనితనం గొప్పది. వారి సాయం తప్పక తీసుకోండి. అయితే పడవకు సరిపోయిన కర్ర విమానానికి సరిపోతుందని అనుకోవద్దు. ముడి లేని, లోపలి గీతలు తిన్నగా ఉన్న, తేమ కొలిచిన కలపే కావాలి.

రిజిస్ట్రేషన్

దీనికి ఫారం సీఏ-28. గుర్తింపు, పౌరసత్వ ఆధారాలు, సామగ్రి బిల్లులు, దిగుమతి చేసుకున్నవాటికి కస్టమ్స్ పత్రాలు, నిర్ణీత రుసుము అవసరం. బిల్లుల మీద పేరు, మీ గుర్తింపు పత్రం మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఈ చిన్న తేడాతోనే దస్త్రాలు వెనక్కి వస్తాయి. మంజూరయ్యాక వీటీ అనే రెండు అక్షరాలు, వాటి తర్వాత మరో మూడు అక్షరాల గుర్తు వస్తుంది. నిబంధనల్లో చెప్పిన కొలతల్లోనే దాన్ని విమానం మీద రాయించాలి.

బరువు, బలం, పెట్రోలు

పర్మిట్ అడిగే ముందు మూడు పరీక్షల నివేదికలు సిద్ధంగా ఉండాలి.

మొదటిది తూకం. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టాలి. ఉదాహరణకు ముక్కు చక్రం కింద 80 కిలోలు వచ్చి, ముందున్న కొలత గీత నుంచి అది 0.5 మీటరు దూరంలో ఉందనుకుందాం. వెనక రెండు చక్రాల కింద కలిపి 200 కిలోలు, వాటి దూరం 1.9 మీటర్లు. బరువును దూరంతో గుణిస్తే వచ్చే 40, 380 కలిపితే 420, దాన్ని 280 కిలోలతో భాగిస్తే గరిమనాభి 1.5 మీటర్ల దగ్గర వస్తుంది. డిజైనర్ ఇచ్చిన హద్దుల్లో ఇది లేకపోతే ఎగరడం గురించి ఆలోచించనేవద్దు. గరిమనాభి మరీ వెనక్కి పోయిన విమానం ఒకసారి ఎత్తు కోల్పోయి గిరగిరా తిరగడం మొదలుపెడితే పైలట్ మాట వినదు.

రెండోది రెక్క బలం. సాధారణ తరగతి విమానాలకు వాడే పరిమితి విమానం బరువుకు 3.8 రెట్లు. 450 కిలోల విమానమైతే రెక్కలు 1710 కిలోలు మోయాలి. విమానాన్ని తలకిందులుగా నిలిపి, 25 కిలోల బియ్యం బస్తాలు 68 వరకూ రెక్కల మీద సమంగా పేర్చి చూడవచ్చు. బస్తాలు దించాక రెక్క చివర మొదట ఉన్న ఎత్తుకే రావాలి. రెండు మిల్లీమీటర్లు వంగి ఉండిపోయినా కారణం తెలిసేవరకు ముందుకు వెళ్ళకూడదు. బస్తాలు పేర్చేటప్పుడు రెక్క కింద ఎవరినీ నిలబెట్టకండి.

మూడోదాన్నే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు తయారీదారు ఒప్పుకునేది 10 శాతమే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలను, కొన్ని రకాల ట్యాంకు జిగుర్లను తినేస్తుంది. పరీక్ష సులభం. గాజు కొలగొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి గీత పెట్టండి. పైన 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, బాగా కుదిపి నిలవనివ్వండి. అడుగు పొర గీత దాటి పెరిగితే అది ఇథనాలే. ఫ్లయింగ్ స్కూళ్ళలో వాడే ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు తెప్పించుకోవడం ఖర్చే అయినా అదే క్షేమం. 2022 నుంచి దాన్ని ఇండియన్ ఆయిల్ దేశంలోనే తయారుచేస్తోంది. ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్‌ను త్వరత్వరగా మార్చాలి.

పర్మిట్, పరీక్షా ప్రయాణాలు

టైప్ సర్టిఫికెట్, అంటే డిజైన్‌కు ఆమోద పత్రం, లేని విమానానికి ముందుగా షరతులతో కూడిన పర్మిట్ ఇస్తారు. దరఖాస్తుతో పరీక్షా ప్రణాళికను కూడా ఇవ్వండి. నేల మీద ఇంజిన్ ఎన్ని గంటలు తిప్పారు, రన్‌వే మీద ఎంత వేగం వరకు పరుగెత్తించారు, గాలిలో ఏ రోజు ఏది చూస్తారు, అన్నీ రాయాలి. అమెరికాలో ధ్రువీకరించిన ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీకి 25 గంటలు, లేకపోతే 40 గంటలు పరీక్షా ప్రయాణాలు చేయాలి. మీ ప్రణాళికలో 40 గంటలే వేసుకోండి. ఆ గంటలన్నీ పైలట్ ఒక్కరే ఎగరాలి. పక్క సీటులో బావమరిది కూర్చోవడానికి ఇంకా సమయం ఉంది.

ఎక్కడ ఎగురుతారన్నది డెల్టాలో పెద్ద ప్రశ్న. ఇంజిన్ ఆగితే దిగడానికి ఇక్కడ ఖాళీ నేల లేదు. కోనసీమంతా కొబ్బరి తోటలు. పడమట రొయ్యల చెరువులు, వాటి మధ్య కరెంటు తీగలు. దాళ్వా నాట్ల సమయంలో పొలాలన్నీ బురద, చక్రం దిగబడి విమానం తలకిందులవుతుంది. అందుచేత రెక్కలు విప్పి లారీలో తీసుకెళ్ళి, అనుమతి ఉన్న రన్‌వే మీదే తొలి పరీక్షలు చేయడం మేలు. మధురపూడిలోని రాజమహేంద్రవరం విమానాశ్రయాన్ని అడగాలంటే ప్రయాణికుల విమానాల వేళలు చూసుకుని చాలా ముందుగా రాయాలి.

పైలట్ పత్రాలు

విద్యార్థి లైసెన్సు 16 ఏళ్ళకు, ప్రైవేటు పైలట్ లైసెన్సు 17 ఏళ్ళకు. పదో తరగతి చదువు, క్లాస్-2 వైద్య పరీక్ష, కనీసం 40 గంటల ప్రయాణం కావాలి. ఇవన్నీ గుర్తింపు పొందిన స్కూలు విమానం మీద పూర్తిచేయండి. సొంత విమానం మీద ఎగరడం నేర్చుకోవద్దు. ఇతరులకు కలిగే నష్టానికి బీమా తీసుకోండి. రేడియో ఉంటే దాని లైసెన్సు, వాడేవారి ధ్రువపత్రం అవసరం. ప్రమాదంలో సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్‌ను బెంగళూరులో ఇస్రో నడిపే మిషన్ కంట్రోల్ సెంటర్‌లో నమోదు చేయించండి. నమోదు లేని బీకన్ మోగితే అది ఎవరిదో వెంటనే తెలియదు.

ఎగిరే రోజు

ప్రతి ప్రయాణానికీ ఫ్లైట్ ప్లాన్, అంటే ప్రయాణ వివరాల పత్రం ఇచ్చి, వైమానిక దళం ఇచ్చే ఏడీసీ (గగనతల రక్షణ అనుమతి) నంబరు, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్ఐసీ నంబరు తీసుకోవాలి. కంటిచూపు ఆధారంగా ఎగిరేవారికి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల దాకానే అనుమతి. ధనుర్మాసంలో ఉదయం మంచు విడిచి చూపు అయిదు కిలోమీటర్లు ఆనేదాకా ఆగండి. అలాంటి తేమ గాలిలో 20 డిగ్రీల వేడిలోనూ కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుంటుంది. ఊళ్ళ మీద 600 మీటర్ల వ్యాసార్ధంలోని అన్నిటికన్నా ఎత్తయిన కట్టడానికి కనీసం వెయ్యి అడుగుల పైన, మిగతా చోట్ల కనీసం 500 అడుగుల ఎత్తున ఎగరాలి. కొల్లేరు, కోరంగి వైపు గూడబాతులు, కొంగలు గుంపులుగా లేస్తాయి కాబట్టి ఆ దారి మానుకోండి. దిగగానే ఫ్లైట్ ప్లాన్ ముగించామని ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే మీరు క్షేమంగా ఇంట్లో ఉన్నా మీకోసం గాలింపు మొదలవుతుంది.