అద్దాల సోలార్ ప్లాంట్ ఖర్చు చేత్తో లెక్కేసుకోవడం ఎలా

పర్లాకిమిడి దగ్గర జీడితోట ఉన్న మా బావ దగ్గరికి ఎవరో వచ్చి అద్దాలతో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తాం, ఎఫిషియెన్సీ (పడిన ఎండలో కరెంటుగా మారే వంతు) నలభై శాతం, భూమి లీజుకియ్యండి అన్నారట. "ఇది నిజమేనేటి?" అని ఫోన్ చేశాడు. ఆయనకి చెప్పిందే రాస్తున్నా.

ముందు ఒక భూతద్దం పట్టుకుని డాబా ఎక్కండి (మా బావ అయితే మావయ్య పంచాంగం చూసుకునేది లాక్కొచ్చాడు). ఎండ తెల్లగా కాసే రోజు కాగితం మీద పెడితే ఇట్టే పొగొస్తుంది, అదే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్మిన రోజు పెట్టి చూడండి, వెలుతురుంటుంది, ఉక్కపోతా ఉంటుంది, కాగితం మాత్రం కాలదు. అద్దాల ప్లాంటూ అంతే, దానికి నేరుగా పడే ఎండే కావాలి, మామూలు ప్యానెల్ అయితే మబ్బులో కూడా ఎంతోకొంత ఇస్తుంది. ఏడాదికి చదరపు మీటరుకి 2,000 యూనిట్ల (కిలోవాట్ గంటల) నేరు ఎండ లేకపోతే కష్టం, అందుకే రాజస్థాన్‌లోనూ అనంతపురంలోనూ కట్టారు.

ఇక ఆ నలభై శాతం, అది ఒక్క టర్బైన్ (ఆవిరితో తిరిగి కరెంటు తీసే యంత్రం) సంగతి. అద్దాల మీద దుమ్ము, పైపుల్లో పోయే వేడి, పంపులు తినే కరెంటు అన్నీ తీసేస్తే ఏడాది సగటున మిగిలేది 15 శాతం, అటూ ఇటూ. ప్యానెల్స్ 20 దాటేశాయి.

అసలు లెక్క రూపాయల్లో వెయ్యండి. 50 మెగావాట్లంటే 50,000 కిలోవాట్లు, దాన్ని ఏడాదిలో ఉన్న 8,760 గంటలతో గుణించండి, ఎండ రోజంతా ఉండదు కాబట్టి అందులో పావు వంతే తీసుకోండి, సుమారు 11 కోట్ల యూనిట్లు. పెట్టుబడి ఊరికే 1,000 కోట్లనుకుందాం, వడ్డీ, అసలు, జీతాలు కలిపి ఏడాదికి పది శాతమే వేసినా 100 కోట్లు, యూనిట్ తొమ్మిది రూపాయలు పడింది. 2010లో మన దేశంలో జరిగిన వేలంలో ఇలాంటి ప్లాంట్లు పాడుకున్న రేటు 10.49 నుంచి 12.24 రూపాయలు, 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో ప్యానెల్ కరెంటు 2.44కే పాడారు.

మరెందుకు కడతారంటే రాత్రి కరెంటు కోసం. కరిగించిన ఉప్పులో (కూరలో వేసేది కాదు, సోడియం, పొటాషియం నైట్రేట్లు) వేడి దాస్తారు, స్పెయిన్‌లో జెమాసోలార్ అనే అద్దాల ప్లాంటుకి 15 గంటల స్టోరేజ్ ఉంది. కాబట్టి స్టోరేజ్ ఎన్ని గంటలో అడగండి, అసలు లేదు అంటే అక్కడితో మాట ఆపెయ్యండి.

నీళ్ళు కూడా అడగాలి, నీళ్ళతో చల్లబరిచే రకమైతే యూనిట్‌కి మూడు లీటర్ల దాకా పోతాయి, 11 కోట్ల యూనిట్లకి 33 కోట్ల లీటర్లు. వంశధార నుంచి తెస్తారా బోర్లేస్తారా అని బావ అడిగితే పై సారుతో మాట్లాడి చెప్తాం అని వెళ్ళారట, ఇంకా రాలేదు.